చెయ్యి ప్యాకింగు మాత్రమే

నాకు పెళ్ళయిన కొత్తలోనే మా వెలగలంకకు కూడా ముహూర్తం పెట్టారు. మాది వైశాఖంలో అయింది, ఊరిది జ్యేష్ఠంలో. ఆ రోజు నుంచి వెలగలంక సంపూర్ణ ఆన్‌లైన్ పట్టణమని పురపాలక సంఘం ప్రకటించింది. అందువల్ల కాపురమూ ఆన్‌లైనూ నాకు ఒకేసారి అలవాటు కావలసి వచ్చింది. రెండింటిలోనూ ఏది ఎక్కడుందో తెలియడానికి కొంత సమయం పట్టింది.

మా ఆయన పురుషోత్తంది మెయిన్ రోడ్డులో గాజుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. పొద్దున్నే ఆయన షట్టరు ఎత్తితే ఆ అదురుకి పైన గూట్లో నా కాఫీ గ్లాసు సన్నగా మోగుతుంది. ఆ మోత వినడానికే నేను గ్లాసును గూటి అంచున పెట్టేదాన్ని. బీకాం చదివే రోజుల్లో నేను గాజులకు ఈ కొట్టుకే వచ్చేదాన్ని. ఆయన నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర ఒకసారి మెత్తగా నొక్కి, గాజు ఎప్పుడు ఎక్కిందో తెలియకుండా ఎక్కించేవారు. ఆ ఏడాది మా కాలేజీలో నాకున్నన్ని గాజులు ఇంకెవరికీ లేవు. చివరికి మా నాన్న లెక్క చూసుకుని, నాకు గాజులు కొనడం కంటే గాజుల కొట్టుకే పిల్లనివ్వడం చవకని తేల్చుకున్నారు.

ఊరిని ఆన్‌లైన్ చేయడానికి ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారు వచ్చారు. పెద్ద నగరాల్లో కొనేవాడు అమ్మేవాడి ముఖం చూసి ఏళ్ళవుతోందనీ, వెలగలంకలో మాత్రం ఇంకా కందిపప్పు కొంటూ ఒకరి పిల్లల చదువు ఒకరు అడుగుతున్నారనీ ఆయన తొలి సభలో బాధపడ్డారు. మర్నాడు మైకు ఆటో ఊరంతా తిరిగింది. "ఇందుమూలముగా యావన్మంది వర్తకులకు తెలియజేయునది ఏమనగా, పట్టణ పరిధిలో ఏ వస్తువైనను అమ్మువాని చేతి నుండి కొనువాని చేతికి నేరుగా పోరాదు. ప్రతి వస్తువును మహా పంపిణీ కేంద్రమునకు పోయి, అచ్చట ముద్ర పడి, పిమ్మటనే కొనువానికి చేరవలెను. ఉల్లంఘించిన దుకాణమునకు సీలు వేయబడును."

మహా పంపిణీ కేంద్రమంటే ఊరి బయట, కాలవ అవతల, ఎప్పుడో మూతపడిన గోనెసంచుల మిల్లు.

మొదటి ఉదయం ఈ విధానం ఎలా నడుస్తుందో మా కిటికీలోంచి చూశాను. మా కొట్టు ఎదురుగానే గవర్రాజు బాబాయ్ ఇడ్లీ హోటలు. తినేవాళ్ళు ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చుని, ఫోన్లో ఇడ్లీకి ఆర్డరు పెట్టారు. బాబాయ్ వాళ్ళ ఎదుటే ఇడ్లీలు దించి, ఆకులో కట్టి, వ్యానెక్కించారు. వ్యాను కాలవ దాటి మిల్లుకు వెళ్ళింది. అక్కడ పొట్లానికి ముద్ర పడింది. మళ్ళీ కాలవ దాటి బెంచీ దగ్గరికి వచ్చింది. ఈలోగా బెంచీ మీదివాళ్ళంతా తలలు ఒకచోట చేర్చి ఫోను చూస్తూ, మన ఇడ్లీ వంతెన ఎక్కింది, మన ఇడ్లీ రైలు గేటు దగ్గర ఆగింది అని ఒకరికొకరు కబురు చెప్పుకున్నారు. ఇడ్లీ వచ్చేసరికి ఉన్న ఆకలి చచ్చి కొత్త ఆకలి పుట్టింది. రోజుకు ఒక్క పూట టిఫిను తినే మనిషి రెండు ఆకళ్ళు చవిచూడటం ఈ విధానం వల్ల కలిగిన అభివృద్ధి అని పరాంకుశం గారు పత్రికల వాళ్ళకు చెప్పారు.

ఎవరి చెయ్యీ ఎవరి చేతికీ అందకుండా చూడటానికి మా వీధికి తాతబ్బాయి అనే పర్యవేక్షకుణ్ణి వేశారు. మెడలో విజిలు. ఆ బెంచీ మీదే కూర్చునేవాడు, ఎందుకంటే అతనూ ఇడ్లీ కోసమే ఎదురుచూస్తుండేవాడు. ఒకరోజు నేను మా ఆయనకు టీ గ్లాసు అందిస్తుంటే విజిలు ఊదాడు. పరుగున వచ్చి, ఆ టీ అమ్మకమా కాదా అని అడిగాడు. కాదన్నాను. మరెందుకు ఇస్తున్నారని అడిగాడు. దానికి బీకాంలో జవాబు లేదు. నేను సిగ్గుపడ్డాను. అదే జవాబుగా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇడ్లీకి ప్రయాణం వల్ల పోయేది వేడి ఒక్కటే. గాజులకు అలా కాదు. మా కొట్లో అమ్మేవన్నీ మట్టి గాజులు. వాటిని వ్యానులోకి విసిరేవారు, మిల్లులో బెల్టు మీదికి విసిరేవారు, మళ్ళీ వ్యానులోకి విసిరేవారు. పెట్టె ఇంటికి చేరాక ఊపి చూస్తే లోపల గాజుల చప్పుడు కాదు, శనక్కాయల చప్పుడు వచ్చేది.

అయినా ఒక్క ఫిర్యాదూ వెళ్ళలేదు. దానికో కారణం ఉంది. పెట్టె అందగానే ఫోను ఒక ప్రశ్న అడుగుతుంది: వస్తువు పగిలిందా? గాజుల విషయంలో ఆ మాట మా వైపు ఏ ఆడమనిషీ నోటితో అనదు, వేలితోనూ నొక్కదు. మరీ తప్పకపోతే చిట్లిందంటారు. పెద్దవాళ్ళు అదీ అనరు, పెదవి విరిచి ఊరుకుంటారు. కాబట్టి ఊరు ఊరంతా ఒళ్ళో గాజు ముక్కలు పెట్టుకుని 'కాదు' అని నొక్కింది. తర్వాత మళ్ళీ ఆర్డరు పెట్టింది. అప్పుడు ఫోను ఇంకో ప్రశ్న అడుగుతుంది: అదే వస్తువు మళ్ళీ ఎందుకు కొంటున్నారు? అక్కడున్న జవాబుల్లో అశుభం లేనిది ఒక్కటే, 'కొలత సరిపోలేదు'. అందరూ అది నొక్కారు.

నేనూ నొక్కాను. అప్పటికి ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదని నన్ను పుట్టింటికి పంపేశారు. పుట్టిల్లంటే ఎంతో దూరం కాదు, రైలు గేటు పక్క వీధి. రోజూ మా ఆయన కొట్టు నుంచే గాజులు తెప్పించుకునేదాన్ని. లోపలున్నది ఎప్పుడూ ముక్కలే. కానీ పెట్టె మీద 'హైమ' అని నా పేరు ఆయన చేతిరాతలో ఉండేది. అందులో 'హై' మీది గీతను మరీ పొడుగ్గా, పక్కింటి దాకా వెళ్ళేటట్టు లాగేవారు.

ఆయన మాత్రం దిగులుపడ్డారు. అమ్మకాలు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. ఊరంతా అవే గాజులు మళ్ళీ మళ్ళీ కొంటోంది. అయినా గాజుల కొట్టువాడికి చేతులు కనబడకపోతే ఏం తోస్తుంది? పెట్టెల్లో గడ్డి వేసి చూశారు, దూది వేసి చూశారు, ఊక వేసి చూశారు. ఒకసారి నా గాజులను తన దిండులో దూర్చి కుట్టి పంపారు. అవీ ముక్కలయ్యే వచ్చాయి. ముక్కలు ఏరేసి దిండు నేనుంచుకున్నాను. ఆషాఢం మిగతా రోజులు దాని మీదే పడుకున్నాను.

ఈలోపు మిల్లులో లెక్కలు తేలాయి. గాజుల విషయంలో పగుళ్ళు లేవు, కొలతల ఇబ్బంది మాత్రం విపరీతంగా ఉంది. పరాంకుశం గారు వెంటనే శాస్త్రీయంగా ఆలోచించారు. ఉయ్యాల్లో పాప దగ్గర నుంచి వ్యాయామశాల పహిల్వాను దాకా ఊళ్ళో ప్రతి మణికట్టునూ కొలిపించి, సగటు తీయించి, ఇకపై వెలగలంకకు ఆ ఒక్క కొలతలోనే గాజులు చేయవలసిందిగా గాజుల ఫ్యాక్టరీకి ఆదేశం పంపారు. ఫ్యాక్టరీ వాళ్ళు సంబరపడి మిగతా అచ్చులన్నీ కరిగించేశారు. ఆ గాజు పిల్లల చేతికి వేస్తే భుజం దాకా వెళ్ళేది, పెద్దవాళ్ళ చేతికి కణుపులు దాటేది కాదు. ఊరు మొత్తం మీద సరిగ్గా పట్టింది పరాంకుశం గారి చేతికే. విధానం విజయవంతమైందనడానికి అంతకన్నా రుజువు ఆయనకు అక్కరలేకపోయింది.

శ్రావణం వచ్చింది, నేను దిండుతో సహా ఇంటికి వచ్చాను. అప్పుడు అసలు చిక్కు మొదలైంది.

మా అత్తయ్య భూషణమ్మగారి ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త కోడలికి మొదటి శ్రావణ శుక్రవారం నాడు మొగుడే గాజులు వెయ్యాలి. అదీ ఇంట్లో కాదు, కొట్లో, పీట మీద కూర్చోబెట్టి. ఆ గాజులు పడ్డాకే కోడలు కొట్టు గద్దె ఎక్కి మొగుడి పక్కన వ్యాపారానికి కూర్చుంటుంది. అత్తయ్య అలాగే కూర్చున్నారు, ఆవిడ అత్తగారూ అలాగే కూర్చున్నారు. ఆ శుక్రవారం దాటిపోతే మళ్ళీ శ్రావణం దాకా గద్దె లేదు. నేను పెళ్ళి చూపుల నాటి నుంచే ఆ గద్దె మీద కన్నేసి ఉన్నాను. రోజంతా ఆయన పక్కనే కూర్చోవచ్చు, దాన్ని వ్యాపారమనీ అనవచ్చు.

నా చేతి కొలత గాజుల మలారం ఒకటి ఉంది. మలారమంటే దారానికి గుచ్చిన గాజుల కట్ట. మా నిశ్చితార్థం నాడే ఆకుపచ్చవి ఎంచి, మా ఆయన కింది సొరుగులో దాచారు. అచ్చులు కరిగిపోయాయి కాబట్టి ఇక అలాంటివి దొరకవు. వాటిని నా చేతికి వేస్తే తాతబ్బాయి విజిలు, ఆ వెనకే సీలు. మిల్లుకు పంపితే ముక్కలు.

"ఒరేయ్ పురుషోత్తం, సీలు వేస్తే కొట్టు పోతుంది, నిజమే. శుక్రవారం నాడు నా కోడలి ఒళ్ళో గాజు పెంకులు పోస్తే మాత్రం నువ్వే పోతావు," అన్నారు అత్తయ్య.

ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోనాడు, గురువారం మధ్యాహ్నం, పరాంకుశం గారు శాలువా పట్టుకుని మా కొట్టుకు వచ్చారు. గాజుల్లో పగుళ్ళు శూన్యమైనందుకు మా కొట్టుకు ఉత్తమ ప్యాకింగు పురస్కారం ప్రకటించారట. శాలువాను కూడా మిల్లుకు పంపించి ముద్ర వేయించే తెచ్చారు. కప్పేటప్పుడు చెయ్యి తగలకుండా రెండు కొసలూ కర్రలతో పట్టుకుని కప్పించారు.

"మీ ప్యాకింగు విధానమును ఇతర వర్తకులకు మార్గదర్శకముగా జారీ చేయదలచితిమి. రహస్యమేమి?" అని అడిగారు.

మా ఆయన నిజం చెప్పడానికి నోరు తెరిచారు. ఆయన నోరు తెరిచే తీరు నాకు అప్పటికే తెలుసు. అందుకని నేను ముందు అందుకుని, ప్యాకింగులో ఏది వాడాలన్న దాని మీద శాఖ వారి నిబంధన ఏమైనా ఉందా అని వినయంగా అడిగాను.

పరాంకుశం గారు కళ్ళు మూసుకుని కంఠస్థంగా చెప్పారు. "ప్యాకింగు పూర్తిగా వర్తకుని స్వేచ్ఛ. వస్తువు ఆకృతికి తగినదై, వస్తువును కదలనీయక పట్టి ఉంచునదై ఉన్నచో ఏ పదార్థమైనను అనుమతింపబడును. వర్తకుడు తన దుకాణమునందు స్వహస్తములతో ప్యాకింగు చేయవచ్చును. అయితే ప్యాకింగు పదార్థము వర్తకుని ఆస్తి. సరుకు చేరిన పిదప కొనుగోలుదారు దానిని వర్తకునికి విధిగా తిరిగి అప్పగించవలెను."

తిరిగి అప్పగించడమన్న మాట దగ్గర దిండు గుర్తొచ్చి మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన్ని చూడలేదు. నా చేతిని చూసుకుంటున్నాను. గాజు ఆకృతికి తగినది, గాజును కదలనీయక పట్టి ఉంచేది.

"ఏ పదార్థమైనా పరవాలేదాండీ?" అని మళ్ళీ అడిగాను.

"ఏదైనను," అన్నారు పరాంకుశం గారు.

శుక్రవారం ఉదయం తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, ఫోన్లో మా కొట్టుకే ఆకుపచ్చ గాజులకు ఆర్డరు పెట్టాను. తర్వాత మెట్లు దిగి వెళ్ళి పీట మీద కూర్చుని చెయ్యి చాపాను. మా ఆయన సొరుగులోంచి మలారం తీసి దారం విప్పారు. ఎదురు బెంచీ మీద తాతబ్బాయి విజిలు ఊదాడు. వ్యాను కోసం చూస్తున్న ఇడ్లీ జనమంతా లేచి వచ్చారు. తాతబ్బాయి సీలు వేసే లక్క కూడా వెంట తెచ్చుకున్నాడు.

"అది డెలివరీ కాదండి. ప్యాకింగు చేస్తున్నారు," అన్నాను.

"ఎందులోనండి?"

"ఇందులో," అని చెయ్యి చూపించాను.

తాతబ్బాయి చేతిని చూశాడు, గాజును చూశాడు, పరాంకుశం గారికి ఫోను చేశాడు. ఆయన జీపులో వచ్చారు. పీట చుట్టూ ఒకసారి తిరిగారు. తన సొంత నిబంధనను తనే మరొకసారి పైకి చదివారు. పదార్థం వస్తువు ఆకృతికి తగినదేనా అని అడిగారు. తగినదేనని ఇడ్లీ జనం సాక్ష్యం చెప్పారు. చేతి వెనకాల మిగతా మనిషి ఉందేమిటని అడిగారు. అది ప్యాకింగుకు అదనపు రక్షణ అన్నాను.

నా గుండె కాఫీ గ్లాసులా అదురుతోంది. ఆయన కాదంటే కొట్టు పోయినట్టే. మా ఆయన వేళ్ళ మధ్య మొదటి గాజు ఆగి ఉంది.

నిబంధన తప్పని ఒప్పుకోవడం కంటే చెయ్యి పదార్థమని ఒప్పుకోవడం పరాంకుశం గారికి తేలికనిపించినట్టుంది. "నిబంధనలకు లోబడియే ఉన్నది. ప్యాక్ చేయుడు," అన్నారు.

మా ఆయన నా బొటనవేలిని అరచేతిలోకి మడిచారు. కణుపుల దగ్గర మెత్తగా నొక్కారు. జ్యేష్ఠం నుంచి శ్రావణం దాకా చేతులు చూడని మనిషి కదా, ఒక్కొక్క గాజుకూ అవసరమైన దానికంటే ఎక్కువ సమయమే తీసుకున్నారు. జనం అంతా చూస్తున్నారు. పుణ్యానికి నేను ప్యాకింగుని, ప్యాకింగు సిగ్గుపడకూడదు. రెండు చేతులూ నిండాక తాతబ్బాయి నా మోచేతి దగ్గర 'జాగ్రత్త, సున్నితమైన వస్తువు' అన్న కాగితం అంటించాడు. సరుకు గురించి అడగాలనుకుందో ఏమో, ఎలా ఉందమ్మాయ్ అంది జనంలో ఒకావిడ. నేను జవాబు చెప్పబోయాను.

"నువ్వు ప్యాకింగువి. నోరు మూసుకుని వెళ్ళి రా," అన్నారు అత్తయ్య. ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు.

వ్యానులో నన్ను ఇడ్లీ పొట్లాల పక్కన పెట్టారు. కాలవ గాలి తగులుతుంటే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, గతుకు వచ్చినప్పుడల్లా గాజులు గలగలమంటుంటే ఊరు చివరి దాకా అందరికీ వినబడేటట్టు వెళ్ళాను. మిల్లులో నన్ను బెల్టు మీదికి విసరడానికి ఇద్దరు మనుషులు ముందుకొచ్చారు. నేను వాళ్ళ వైపు ఒక చూపు చూశాను. నడిచి ఎక్కమన్నారు. ముద్ర వేసి, మెయిన్ రోడ్డుకు వెళ్ళే సరుకు ఉంచే గదిలో గోధుమపిండి బస్తాల మధ్య కూర్చోబెట్టి, తర్వాతి వ్యానులో పంపారు. వ్యాను మా మెట్ల దగ్గర ఆగింది. నేను పైకెళ్ళి, తలుపు తీసుకుని, నన్ను నేనే అందుకున్నాను. వస్తువు పగిలిందా అని ఫోను అడిగింది. కాదు అని నొక్కాను. వెలగలంకలో గాజుల గురించి ఆ మాట నిజంగా నొక్కడం అదే మొదలు.

సాయంత్రానికి మా కొట్టు ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. సగటు గాజులు పక్కనపెట్టి, ఇంట్లో అమ్మమ్మలు దాచిన పాత మలారాలన్నీ తెచ్చి, ప్యాకింగుకి ఇచ్చారు. ఎదురు బెంచీ దగ్గర గవర్రాజు బాబాయ్ ఇంకో మెట్టు పైకి ఆలోచించారు. ఇడ్లీ ఆకృతికి తగినదై, ఇడ్లీని కదలనీయక పట్టి ఉంచేది పొట్ట. కాబట్టి ఆయన వేడివేడి ఇడ్లీలను బెంచీ మీదే ప్యాక్ చేయడం మొదలుపెట్టారు. మిగతా కొట్లవాళ్ళు చొక్కాను ఒంటి మీద ప్యాక్ చేశారు, పూలను జడలో, చెప్పులను కాళ్ళకు. ప్యాకైన వాళ్ళంతా మిల్లుకు వెళ్ళి ముద్ర వేయించుకుని రావాలి. వారం తిరిగేసరికి ఊరంతా మిల్లు దగ్గరే ఉంది. వ్యానులు చాలక ఎడ్లబళ్ళు పెట్టారు. నిలబడ్డ వాళ్ళకు పళ్ళెంలో మిరపకాయ బజ్జీలు అమ్మేవాళ్ళు వచ్చారు, బుడగలవాడు వచ్చాడు, ఒకరి పిల్లల చదువు ఒకరు అడగడం మళ్ళీ మొదలైంది. ముద్ర వేసేవాళ్ళు చేతులు వాచి సెలవు పెట్టారు.

అప్పుడు పరాంకుశం గారు పత్రికల వాళ్ళను పిలిచి ఒక విప్లవాత్మకమైన ఆవిష్కరణ ప్రకటించారు. దాని పేరు శూన్యదూర పంపిణీ. ప్రతి దుకాణం గుమ్మంలోనూ ఒక మహా పంపిణీ కేంద్రం ఉంటుంది. వర్తకుడే దాని అధిపతి. కొనేవాడు అక్కడికే వస్తాడు, సరుకు నేరుగా అతని చేతిలో పడుతుంది. మధ్యలో వ్యాను లేదు, మిల్లు లేదు, ఆలస్యం లేదు. ప్రపంచంలో ఎక్కడా ఇంత వేగవంతమైన డెలివరీ లేదనీ, పెద్ద నగరాల నుంచి బృందాలు అధ్యయనానికి వస్తున్నాయనీ చెప్పారు. చప్పట్లు కొట్టాం. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. వెళ్ళేటప్పుడు గుర్తుగా ఒక సగటు గాజు వేసుకుని వెళ్ళారు.

ఇప్పుడు నేను గద్దె మీద మా ఆయన పక్కన కూర్చుంటున్నాను. చేతులు ఆయన చూస్తారు, బిల్లులు నేను చూస్తాను, టీ ఇద్దరం ఒకే గ్లాసులో తాగుతాం. పాత పథకం ముగింపు పనులకని మొన్న తాతబ్బాయి వచ్చాడు. మెడలో విజిలు లేదు, చేతిలో ఇడ్లీ ఉంది, వేడిగా పొగలు కక్కుతోంది.

"పురుషోత్తం గారూ, మీ ప్యాకింగు పదార్థం కొనుగోలుదారు దగ్గరే ఉండిపోయిందని మా ఆఫీసులో చూపిస్తోందండి. తమరికి తిరిగి అప్పగించారా లేదా?"

మా ఆయన నా వైపు తిరిగి, రెండు చేతులూ ముందుకు చాపమన్నారు. చాపాను. అటూ ఇటూ తిప్పి, గాజు గాజూ కదిపి చూశారు.

"ఇది చేరిందండి. ఒక దిండు రావాలి."

"అయితే నోటీసు ఇమ్మంటారా?"

"వద్దండి," అన్నారు మా ఆయన, టీ గ్లాసు నా చేతికిస్తూ. "పెండింగులోనే ఉంచండి."